నీటికాకి రెక్కలు ఎందుకు ఆరేసుకుంటుంది?

ఒకప్పుడు నీటికాకికి రెక్కలు ఆరబెట్టుకోవడమంటే ఏమిటో తెలియదు. ఆ అవసరమే రాలేదు దానికి.

కొల్లేరు నడుమ ఒక చిన్న లంక. లంక మీద తుమ్మచెట్టు. చెట్టు మీద నీటికాకి గూడు, గూట్లో మూడు పిల్లలు. చెట్టు కింద గుడిసెలో పేరంటాలు అనే ఆమె ఉండేది. చేపలు పట్టుకుని బతికే మనిషి. ఆ రోజుల్లో పిట్టలూ మనుషులూ ఇరుగుపొరుగు వాళ్లలా మాట్లాడుకునేవారు.

నీటికాకి బుడుంగున మునిగేది. చేపను పట్టుకుని పైకి లేచేది. గూటికి చేరేలోపే సూరీడు దాని వీపు నిమిరేవాడు. పైరగాలి రెక్కల సందుల్లో దూరి తడంతా ఎత్తుకుపోయేది. నీటికాకికి అదేమీ పట్టేది కాదు.

"నా రెక్కలు వాటంతట అవే ఆరతాయి," అనుకునేది. పైగా, "అబ్బ, మొహాన కొడుతున్నావు, కాస్త పక్కకు జరుగు!" అని సూరీణ్ణి కసురుకునేది.

సూరీడు నవ్వేసి జరిగేవాడు.

ఒక ఏడాది ముసురు పట్టింది. మబ్బులు బొంతల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్నాయి. సూరీడు వాటి వెనక ఎక్కడో చిక్కుకుపోయాడు. ఈదురుగాలి వచ్చి పైరగాలిని తరిమేసింది. నీళ్లెక్కడో, ఆకాశమెక్కడో తెలియలేదు. కొల్లేరంతా పొగలో తేలుతున్నట్టుంది.

నీటికాకి మామూలుగానే మునిగింది. చేప దొరికింది. పైకి వచ్చి రెక్కలు విదిలించింది. తడి పోలేదు. మళ్లీ విదిలించింది. ఊహూఁ. రెక్కలు తడిసిన గోనెసంచుల్లా వేలాడాయి. ఎగరబోతే నీళ్ల మీదే చతికిలబడింది. చివరికి ఈదుకుంటూ ఒడ్డు చేరి, కొమ్మా కొమ్మా ఎగబాకి గూటికెక్కింది.

పిల్లలు వణుకుతున్నాయి. గబగబా వాటిని రెక్కల కింద పొదువుకుంది.

"అమ్మా, లే! నువ్వు వానకంటే చల్లగా ఉన్నావు," అని ఏడ్చింది చిన్నపిల్ల.

నీటికాకి గబుక్కున లేచింది. కిందకు వంగి పిలిచింది.

"పేరంటాలక్కా! నా రెక్కలకు ఏదో రోగం వచ్చింది, ఆరడం లేదు. వెచ్చగా ఏమైనా ఉంటే ఇద్దూ, పిల్లలు బిగుసుకుపోతున్నాయి."

పేరంటాలు పొయ్యి ఊదీ ఊదీ కళ్లు ఎర్రజేసుకుని బయటకు వచ్చింది.

"ఏమిచ్చేదమ్మా? పుల్లలు తడి, అగ్గి రాజుకోదు. ఉన్న రెండు కోకలూ తడే. నీ రెక్కలకు రోగమేం లేదు. ఇన్నాళ్లూ కోక తాడు మీద పడేసి నా పనికి నేను పోయేదాన్ని. వచ్చేసరికి ఆరి ఉండేది. ఎవరు ఆరబెట్టారో ఒక్కనాడు తలెత్తి చూశానా? పోనీ, నువ్వు చూశావా?"

నీటికాకి తలెత్తి మబ్బుల వైపు చూసింది. రోజూ వీపు మీద తాకే ఆ వెచ్చదనం ఎవరి చెయ్యో అప్పుడు తెలిసింది. ఆ చేతినే కసురుకున్నందుకు సిగ్గేసింది.

కానీ సిగ్గుపడుతూ కూచుంటే పిల్లలు దక్కవు. తాకితే చలి, వదిలేస్తే వాన. నీటికాకి గూటి అంచున నిలబడింది. రెండు రెక్కలూ బారజాపి, పిల్లలకు తగలకుండా గొడుగులా పట్టింది. పేరంటాలు పాత చాప ఒకటి తెచ్చి, గాలి కొట్టే వైపు కొమ్మలకు కట్టింది.

చినుకులు సూదుల్లా గుచ్చాయి. నీటికాకి రెక్క ముడవలేదు. కింద పిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని, మెల్లమెల్లగా వెచ్చబడి నిద్రపోయాయి. తల్లి కూడా నిలబడే కునికింది. కలలో ఎండ గోరువెచ్చని పాలలా కొల్లేరంతా పారుతోంది.

కళ్లు తెరిచింది. అది కల కాదు! మబ్బు చీలింది. సూరీడు తొంగిచూస్తున్నాడు. అతని వెనకే పైరగాలి వచ్చింది.

"అయ్యో, రెక్కలు ముడుచుకోమ్మా. ఎప్పటిలాగే మేమే ఆరబెడతాంలే," అన్నాడు సూరీడు.

"వద్దు నాయనా. ముడుచుకుని కూచుంటే మీరొచ్చిన సంగతే మళ్లీ మరిచిపోతాను. ఇలాగే చాపి ఉంచుతాను. ఒక్కొక్క ఈకా ఆరుతుంటే నాకు తెలియాలి," అంది నీటికాకి.

కింద పేరంటాలు మొహం ఎండకెత్తి, కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పటినుంచే నీటికాకి నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ ఏ మోడు మీదో, రాతి మీదో నిలబడి, రెండు రెక్కలూ బారజాపి ఎండకు పడుతుంది. ఆఖరి ఈక ఆరేదాకా అక్కణ్ణుంచి కదలదు.