జంబయ్య కుంకుడు తొట్టి

కథకు కాళ్లూ ముంతకు చెవులూ లేవంటారు గానీ, ఈ కథకు కాళ్లున్నాయి. కాలివేళ్ల మధ్య తోలు కూడా ఉంది. ఎందుకంటే ఇది బాతుల కథ.

కొల్లేటి వారన ఒక పెద్ద మడుగు. మడుగు నడుమ చిన్న దిబ్బ. ఆ దిబ్బ మీద తొమ్మిది ఆడబాతులు కాపురముండేవి. పగలంతా గట్టు మీద నత్తలూ రాలిన వడ్లూ ఏరుకు తినేవి. పొద్దు వాలేసరికి ఈదుకుంటూ దిబ్బ చేరుకునేవి. గట్టున తిరిగే జంబయ్య అనే గుంటనక్కకి అదే కడుపుమంట. వాడు ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, తొమ్మిదీ టపటపా నీళ్లలో ఉండేవి.

ఆ తొమ్మిదింట్లో పెద్దది పేరంటాలు. పదేళ్లు నిండిన ముసలి బాతు. బాతులకి తోక మొదట్లో దేవుడిచ్చిన చిన్న నూనెబుడిపె ఉంటుంది. పేరంటాలు పొద్దున లేస్తూనే దానికి ముక్కు రాసి, ఆ నూనె ఒళ్లంతా, రెక్కల సందులతో సహా పూసుకునేది. మిగతా అందరిచేతా పూయించేది. ఎందుకని ఎవరైనా అడిగితే, "మా అమ్మ పూసుకుంది, నేను పూసుకున్నాను, నువ్వూ నోర్మూసుకుని పూసుకో" అనేది. పాపం, ఆవిడ చేసిన తప్పల్లా అదే. కారణం చెప్పకుండా పెట్టిన అలవాటుని మాన్పించడం ఎవరికైనా తేలికే.

ఒకరోజు జంబయ్య పరుగెత్తుకుంటూ రాలేదు. పది బారల దూరంలో కుదురుగా కూర్చుని నిట్టూర్చాడు.

"భయపడకండమ్మా. నేను మాంసం మానేసి మూడు నెలలైంది. మిమ్మల్ని చూస్తే జాలేసి వచ్చానంతే."

"జాలెందుకూ?" అంది చుక్కాలు. నోరున్న బాతు అది, ఎక్కడ ఏ మాట వచ్చినా ముందు అదే అందుకునేది.

"చెప్తే బాధపడతారు."

"పడం. చెప్పు."

"ఒంటినిండా ఆ జిడ్డేంటమ్మా? అదిగో, ఆ కొంగను చూడండి. తెల్లగా, పొడిగా, సన్నగా, ఎంత నాజూగ్గా ఉందో. మీ నడుములు చూస్తే తిరగళ్లు గుర్తొస్తున్నాయి. ఆ నడకా... సరేలెండి, నడక దేవుడిచ్చింది. జిడ్డు మాత్రం మీరు చేజేతులా పూసుకుంటున్నదేగా."

ఆ మాటకి తొమ్మిది మెడలు ఒక్కసారే వంగాయి. అంతవరకూ తమ పొట్టలు తాము చూసుకోవాలని వాళ్లకి తోచనేలేదు. పేరంటాలు కూడా చూసుకుంది, అబద్ధమెందుకు? గుడ్లు పొదిగీ పొదిగీ రొమ్మున ఈకలు పల్చబడిపోయాయి. ఆవిడ మనసు చివుక్కుమంది. ఆ రొమ్ము కింద ఎందరు పిల్లలు లేచారో లెక్క వేసుకుంది. ముప్ఫై ఇద్దరు. ఇక పోవయ్యా నీ కొంగ నువ్వూ, అనుకుంది.

"దీనికి మందుందా?" అని చిన్నగా అడిగింది పగడం. అది పేరంటాలు మనవరాలు, ఏడాది పిల్ల, కాస్త బొద్దుగా ఉంటుంది.

"మందెందుకు తల్లీ? ఉత్త కుంకుడుకాయలు చాలు" అన్నాడు జంబయ్య.

మర్నాడు పొద్దున్నే, గట్టు మీద పాడుబడ్డ పశువుల తొట్టిలో కుంకుడుకాయలు చితక్కొట్టి నురుగు లేపి పెట్టాడు. పెట్టి, మళ్లీ పది బారల దూరం జరిగి కూర్చున్నాడు.

"ముందు ఒక్కరు తలారా స్నానం చేయండి. బాగుందనిపిస్తేనే సాయంత్రం అందరూ. నేనెవర్నీ ముట్టుకోను."

"నూనె పోగొట్టుకోకండే" అంది పేరంటాలు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మూతి తిప్పింది చుక్కాలు. "నీకంటే వయసైపోయింది. వయసులో ఉన్న పిల్లలు కూడా జిడ్డోడుతూ తిరగాలా?"

పగడం తొట్టిలో దిగింది. బయటికొచ్చి ఎండలో ఆరేసరికి దూదిలా తెల్లగా పొంగింది. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నంత పని చేశారు, చేతులు లేవు గనక ఊరుకున్నారు. జంబయ్య సాయంత్రం వస్తానని చెప్పి పొదల్లోకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మిగతావాళ్లు మేతలో ఉండగా, పగడం ఒక్కతే నీళ్లలోకి దిగడం పేరంటాలు చూసింది. నాలుగు బారలు పోయిందో లేదో తోక మునిగింది, తర్వాత వీపు మునిగింది. తల ఒక్కటే పైకుంది. పేరంటాలు రివ్వున ఈది వెళ్లి, రెక్క కరిచి పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చింది.

పగడం వణుకుతూ తల దించుకుంది. "ఎవరికీ చెప్పకు అమ్మమ్మా. నేను మరీ లావైపోయినట్టున్నాను. అందుకే మునిగిపోయాను."

చావు తప్పి బయటపడిన పిల్ల, ఇప్పుడు కూడా తన ఒంటినే తిట్టుకుంటోంది. పేరంటాలు పిల్ల ఈకల్లో ముక్కు పెట్టి చూసింది. నూనె చెమ్మ లేదు. నీళ్లు ఈకలు దాటి చర్మం దాకా పోయాయి. తన తల్లి ఆ నూనె ఎందుకు పూయించిందో పదేళ్లకి తెలిసొచ్చింది. జంబయ్య సాయంత్రమే ఎందుకు రమ్మన్నాడో కూడా అర్థమైంది. పొద్దు వాలాక దిబ్బకి ఈదలేని బాతులు గట్టు మీదే ఉండిపోతాయి. తొమ్మిదీ ఒకే చోట.

అందర్నీ పిలిచి సంగతి చెప్పింది. చుక్కాలు ముఖం పాలిపోయింది.

"మనం నీళ్లలోకి పోతే బతుకుతాం పిన్నీ. పగడం ఎలా?"

"నూనె మళ్లీ పట్టడానికి నాలుగైదు రోజులు కావాలి. అన్నాళ్లు అది గట్టునే ఉండాలి. కాబట్టి జంబయ్యే ఉండకూడదు."

"వాణ్ని మనమేం చేయగలం?"

"మనకి చేసిందే చేద్దాం" అంది పేరంటాలు.

పగడాన్ని జమ్ములో దాచింది. మిగతా ఏడుగుర్నీ తూర్పు వైపు, గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న లోతు దగ్గర నిలబెట్టి, ఎప్పుడు పిలవాలో చెప్పింది.

సాయంత్రం జంబయ్య తాజా నురుగు లేపి సిద్ధంగా ఉన్నాడు. పేరంటాలు ఒక్కతే ఒళ్లు ఊపుకుంటూ వచ్చి, తొట్టికి ఇవతల నిలబడింది.

"మిగతావాళ్లేరి పెద్దమ్మా?"

"వస్తారయ్యా. చిన్న అనుమానం వచ్చి, అదిగో, ఆ నీళ్లలో ఆగారు. చెప్తే బాధపడతావు."

"పడన్లెండి."

"అంత మంచి కుంకుడు చేతిలో పెట్టుకుని, ఆయన మూతి మీద ఆ తెల్లవెంట్రుకలేంటని అంటున్నారు."

జంబయ్య నాలుక మూతి మీదికి పోయింది. "తెల్లవా? ఎక్కడ?"

"మూతి మీద, చెవుల కింద. కళ్ల కింద ముడతలు కూడా. నీకెన్నేళ్లేమిటి?"

"ఆరు కూడా నిండలేదు."

"అయ్యో. నాకు పది. నేనే నయమన్నమాట."

జంబయ్య తోక కిందికి దిగింది. వాడు తెలివైనవాడే. ఇంకెవరి ఒంటి సంగతైనా అయితే ఆ ఎత్తు ఇట్టే పట్టేవాడు. కానీ ఇప్పుడు సంగతి తన మూతిది. దానికి తోడు, నీళ్లలోంచి ఏడు కొవ్విన బాతులు తనవంకే చూస్తున్నాయి.

"నువ్వు మెరిస్తే వాళ్లూ దిగుతారు" అంది పేరంటాలు. "తల మొత్తం ముంచు. కళ్లు మాత్రం మూయకు. మూస్తే ముడతల్లోకి రసం పట్టదు."

జంబయ్య మెడదాకా తల ముంచాడు. కళ్లు బార్లా తెరిచాడు.

కుంకుడు నురుగు కంట్లో పడటమంటే ఏమిటో తెలుగువాళ్లకి నేను చెప్పాలా? వాడు పెట్టిన కేక మడుగు అవతలికి వినిపించింది. తొట్టి చుట్టూ గిరగిరా తిరిగాడు.

"నీళ్లు. నీళ్లెక్కడమ్మా? మంట."

"ఇటు రా జంబయ్యా, ఇటు" అని ఏడు గొంతులు పిలిచాయి.

కన్ను కానకుండా అటే దూకాడు. గుర్రపుడెక్క వేళ్లు నాలుగు కాళ్లకీ చుట్టుకున్నాయి. తన్నుకున్నకొద్దీ బిగుసుకున్నాయి. గుటకలు మింగుతూ మునిగి తేలుతుంటే, చుక్కాలు నెమ్మదిగా పక్కకొచ్చి, "ఏంటయ్యా, తేలలేకపోతున్నావు? నడుము మరీ సన్నమైందా?" అని పలకరించింది.

చివరికెలాగో ఆ డెక్కంతా మెడకి చుట్టుకుని అవతలి ఒడ్డెక్కాడు. అది రొయ్యల చెరువు గట్టు. అక్కడ కాపలా కుక్కలు మూడు. ఆకుపచ్చగా, నురుగు కక్కుతూ, ఏడుస్తూ వస్తున్న ఆ ఆకారాన్ని చూసి ముందవి జడిశాయి. తర్వాత వాసన పట్టాయి. ఆ పరుగు మూడు ఊళ్లు దాటిందని అంటారు. జంబయ్య మళ్లీ కొల్లేటి ముఖం చూడలేదు.

ఆ రాత్రి ఎవరూ దిబ్బకి పోలేదు. పగడాన్ని నడుమ పెట్టుకుని గట్టునే పడుకున్నారు. రోజూ పొద్దున పేరంటాలు నూనె పూయిస్తూ, ఎందుకో కూడా చెప్పింది. చుక్కాలు అందరికంటే గట్టిగా అప్పజెప్పింది.

అయిదోనాడు పగడం నీళ్లలోకి దిగింది. ఒంటి మీద పడిన నీటి చుక్కలు జారిపోయాయి. మడుగు నడుమ దాకా పోయి వెనక్కి తిరిగింది.

"అమ్మమ్మా, నేను లావుగా ఉన్నానా?"

"ఉన్నావే. తేలుతున్నావు. ఇంకేం కావాలి?"

పగడం నవ్వి, తోక ఊపుకుంటూ అందరికంటే ముందు దిబ్బ ఎక్కింది.

నీతి: నీ ఒంటిని చూసి నీకే సిగ్గు పుట్టించేవాడు, ఆ ఒంటి మీద ఎప్పుడో కన్నేసి ఉంటాడు.