దుబ్బమ్మ దీవి ఎందుకు ఊగింది?

అనగనగా సముద్రం నడుమ ఒక దీవి, ఆ దీవి నిండా చిక్కటి అడవి ఉండేది. ఆ అడవికి పెద్దదిక్కు దుబ్బమ్మ అనే అడవి పంది. ఎవరికి తగువొచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె ఒక మాట చెప్పిందంటే ఇక తిరుగు లేదు.

ఒకరోజు ఉదయం దుబ్బమ్మ పిల్లల్ని వెంటేసుకుని వాగు దగ్గరికి వచ్చింది. ఉన్నట్టుండి కాళ్ళ కింద నేల ఊగింది. చెట్ల మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. పది లెక్కపెట్టేలోపు అంతా సర్దుకుంది. కానీ కొండవాలు మీంచి ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి, ఆమె చిన్నకూతురు మిణుకు కాలి మీద పడింది.

దుబ్బమ్మ మూతితో రాయిని తోసేసింది. మిణుకు లేవబోయి మళ్ళీ కూలబడింది. కాలు వాచిపోయింది.

అడవంతా అక్కడ చేరింది. బరకన్న అనే ఉడుము ముందుకొచ్చి, "ఇదంతా పీతల పనే దుబ్బమ్మా. ఒడ్డు పొడవునా బొరియలు తవ్వి దీవిని గుల్ల చేశారు. నేల ఊగక ఏం చేస్తుంది? వాళ్ళని సముద్రంలోకి తోసేద్దాం" అన్నాడు.

అవి కొబ్బరి పీతలు. కాయల పీచు ఒలుచుకు తింటూ బతుకుతాయి. పేరుకి పీతలే గానీ, పెద్దయ్యాక వాటికి ఈత రాదు. నీళ్ళలో పడితే మునిగి చచ్చిపోతాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా, "తోసేద్దాం, తోసేద్దాం" అన్నారు.

పీతల పెద్ద గుల్లయ్య దుబ్బమ్మ ఎదుటికి వచ్చాడు.

"అమ్మా, మా బొరియ మీ మోకాలి లోతు కూడా ఉండదు. తప్పు మాదే అయితే మేమే నీళ్ళలోకి నడుస్తాం. కానీ ఒక్కసారి విచారించి చూడండి."

దుబ్బమ్మ పక్కనే బిడ్డ మూలుగుతోంది. ఆమె ఊఁ అని ఉంటే చాలు, ఈ పాటికి పీతలన్నీ నీళ్ళలో ఉండేవి. ఆమె బిడ్డని ఒకసారి చూసి, గుంపు వైపు తిరిగింది.

"సాయంత్రం సముద్రం పోటెక్కే దాకా ఎవరూ పీతల జోలికి పోకండి. ఈలోగా నేనే విచారిస్తాను" అంది.

ముందుగా బొరియల దగ్గరికి వెళ్ళింది. అక్కడ గుడ్లు పొదుగుతున్న కొంగని, "ఇక్కడ నేల గట్టిగా ఊగిందా?" అని అడిగింది.

"ఊగింది గానీ అంత గట్టిగా కాదు. నా గుడ్లు పక్కకి కూడా జరగలేదు" అంది కొంగ.

తర్వాత పావురాన్ని పిలిచి, పక్కనున్న రెండు దీవులకీ పంపింది. మధ్యాహ్నానికల్లా పావురం రొప్పుతూ తిరిగొచ్చింది.

"రెండు దీవులూ ఊగాయట. మనకి ఊగిన వేళకే, మనకి ఊగినట్టే. అక్కడ పీత అన్నదే లేదు" అంది.

దుబ్బమ్మ ఆలోచనలో పడింది. మోకాలి లోతు బొరియ మూడు దీవుల్ని ఎలా ఊపుతుంది?

రేవులో నాచు మేస్తున్న ముసలి సముద్రపు తాబేలు కనబడింది. ఆమె పేరు సంద్రాలమ్మ. దుబ్బమ్మ నీళ్ళ అంచున నిలబడి, "పెద్దమ్మా, నేల ఎందుకు ఊగింది?" అని అడిగింది.

"ఇక్కడికి తూర్పున సముద్రపు నేల ఒంగి, మీ దీవుల కిందికి దిగిపోతోంది అమ్మాయీ. అదొక పెద్ద రాతి పలక. ఏడాదికి నీ గిట్ట పొడవు కూడా కదలదు. అయినా కోట్ల ఏళ్ళుగా దిగుతూనే ఉంది."

"అది విరిగిందా?"

"పైపైన అయితే ఎండుకొమ్మలా విరుగుతుంది. కానీ ఇది నూట యాభై కోసుల లోతున జరిగింది. అక్కడి బరువుకీ వేడికీ రాయి విరగదు, ముద్దలా సాగుతుంది."

"మరెలా తెగింది?"

"నేను అక్కడికి వెళ్ళి చూడలేదు, ఎవరూ చూడలేదు. నేల ఊపుల్ని ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళు ఇలా అనుకుంటున్నారు. ఆ పలక చల్లటి సముద్రం నుంచి దిగింది కదా, దాని కడుపు ఇంకా చల్లగానే ఉంటుంది. చల్లగా ఉన్న రాయి తన పాత రూపాన్ని ఒక పట్టాన వదలదు. బరువేమో దగ్గరగా సర్దుకోమని నొక్కుతూనే ఉంటుంది. చివరికి ఒకచోట రాతిలోని రవ్వలు ఒక్కసారిగా సర్దుకుని నూకలా సన్నగా అయిపోతాయి. ఆ సన్నటి పొర జారుతుంది. జారితే వేడి పుడుతుంది, వేడికి ఇంకా మెత్తబడుతుంది. ఇక ఆ తెగుడు కోసుల దూరం పరిగెడుతుంది. అంత లోతు నుంచి వచ్చే ఊపు పైకి చేరేసరికి నలుదిక్కులా పరుచుకుంటుంది. అందుకే చాలా దీవులు ఊగాయి, ఏదీ మరీ గట్టిగా ఊగలేదు."

"గట్టిగా ఊగకపోతే ఆ రాయి ఎందుకు దొర్లింది?"

"అది రాయినే అడుగు."

దుబ్బమ్మ కొండవాలు ఎక్కింది. గుల్లయ్య, బరకన్న వెంట వచ్చారు. అక్కడ తొమ్మిది రాళ్ళున్నాయి. ఎనిమిది ఉన్నచోటే ఉన్నాయి. తొమ్మిదోది ఉండాల్సిన చోట ఒక గొయ్యి ఉంది. గొయ్యి అంచున మట్టిని మూతితో పెళ్ళగించిన గుర్తులు, సగం కొరికిన దుంపలు.

దుబ్బమ్మ ఆ గుర్తుల్లో తన మూతి పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. మొన్న దుంపల కోసం ఆ రాయి కింద మట్టంతా తోడింది ఆమే.

బరకన్న గొంతు తగ్గించి, "మనం ముగ్గురమే కదా చూశాం. మట్టి కప్పేస్తే సరి" అన్నాడు.

దుబ్బమ్మ గొయ్యిని అలాగే వదిలేసి వెనుదిరిగింది. దిగి వచ్చేసరికి పోటు మొదలైంది. అడవంతా ఒడ్డున ఎదురుచూస్తోంది. పీతలు పిల్లల్ని దగ్గరికి తీసుకుని నిలబడ్డాయి.

"నేలని ఊపింది మనకి అందని లోతున జారిన పలక. అందులో ఎవరి తప్పూ లేదు. రాయిని దొర్లించింది మాత్రం నేను. దాని కింద తవ్వింది నేనే. పొద్దున నేను ఊఁ అని ఉంటే ఇంతమంది ప్రాణాలు పోయేవి" అంది దుబ్బమ్మ.

గుల్లయ్య కొబ్బరి పీచు తెచ్చి మిణుకు కాలికి మెత్తగా చుట్టి కట్టాడు. బరకన్న తల దించుకుని వచ్చి, పీచు జారకుండా రెండో కొస పట్టుకున్నాడు.

నెలకి మిణుకు పరిగెత్తింది. ఆ తర్వాత కూడా దీవి అప్పుడప్పుడూ ఊగుతూనే ఉంది. ఊగినప్పుడల్లా అడవిలో అందరూ ముందు ఒకరి పిల్లల్ని ఒకరు లెక్క చూసుకునేవారు.

నీతి: కారణం ఎంత లోతున ఉన్నా వెతికి తెలుసుకోకుండా ఎవరి మీదా నేరం మోపకూడదు. వెతికితే తప్పు మనదే అని తేలినా, దాన్ని పైకి చెప్పాలి.