గుమ్మడి తుమ్మితే చింతాకుకి జ్వరం

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్టు కింద, ఒక బడి ఉండేది. ఆ బడికి గోడల్లేవు, తలుపుల్లేవు, కిటికీలు అసలే లేవు. పాఠాలు మాత్రం ఉన్నాయి. పాఠాలు లేని బడి ఎక్కడైనా ఉంటే నాకు చెప్పండి, నేనూ వచ్చి చేరతాను.

ఆ బడిలో మాస్టారు ఒక కొంగ. ఒంటికాలి మీద నిలబడి ఎక్కాలు చెప్పేవారు. కొంగ మాస్టారు మంచివారే, కానీ ఆయనకి ఒక పిచ్చి ఉండేది. పిల్లలందరూ రోజూ బడికి రావాలి. ఒక్కరు కూడా మానకూడదు. ఏటవతలి అడవిలో గుడ్లగూబ మాస్టారి బడి ఉంది. అక్కడ సగం మంది పిల్లలు పగలంతా నిద్రపోతారు. "మా బడిలో అలా కాదండోయ్, అందరూ హాజరే!" అని కొంగ మాస్టారు కనిపించిన చేపకి కూడా చెప్పేవారు. చెప్పాక దాన్ని తినేవారనుకోండి, అది వేరే సంగతి.

ఆయన ఏటా పిల్లలకి ఒక పందెం పెట్టేవారు. చలికాలమంతా ఒక్కరోజు కూడా బడి మానని పిల్ల ఎవరో, ఆ పిల్లే మర్నాటి నుంచి ఏడాది పొడుగునా బడి గంట కొట్టవచ్చు. ఆ గంట ఎప్పుడో దారి తప్పి వచ్చిన ఎద్దు మెడలోంచి జారిపడింది. కొడితే అడవంతా ఖంగుమంటుంది. గంట కొట్టాలని ఏ పిల్లకి ఉండదు చెప్పండి?

ఆ బడిలో ఒక ఏనుగుపిల్ల ఉండేవాడు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉన్నాడని వాళ్లమ్మ గుమ్మడి అని పేరు పెట్టింది. ఇప్పటికీ గుండ్రంగానే ఉన్నాడు. వాడి ప్రాణస్నేహితురాలు ఒక ఉడుతపిల్ల, పేరు చింతాకు. బడిలో చింతాకు కూర్చునే చోటు గుమ్మడి నెత్తి. అక్కడినుంచి పాఠం బాగా వినిపిస్తుందట. గుమ్మడి లెక్క తప్పు చేస్తే పైనుంచే చెవి మెలిపెట్టేది.

చలికాలం ఆఖరికి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే గుమ్మడికి ముక్కు కారడం మొదలైంది. ఏనుగు ముక్కు కారితే ఎంత కారుతుందో మీరే ఊహించుకోండి. ఒళ్లంతా కాలిపోతోంది.

"అమ్మా, తల పగిలిపోతోందే. ఈ పూట పడుకుంటానే" అన్నాడు గుమ్మడి.

ఏనుగమ్మ కొడుకు నుదురు తాకి చూసింది. వేడి తెలిసింది. తెలిసినా తెలియనట్టే ఊరుకుంది. ఎందుకంటే కిందటేడు గంట కొట్టింది ఆమె తోటికోడలి కొడుకు. "మావాడు గంట కొడితే కొండవతలికి వినిపిస్తుంది తెలుసా!" అంటూ ఆ తోటికోడలు నీళ్లరేవులో ఏడాదంతా ఊదరగొట్టింది.

"జ్వరమా పాడా! మంచులో తిరిగావు, అంతే. ఈ నాలుగు రోజులు ఓర్చుకో నాన్నా. ఈసారి గంట మనింటికి రావద్దూ?" అంది ఏనుగమ్మ.

ఇలాంటి అమ్మలు అడవుల్లోనే ఉంటారు లెండి. ఊళ్లలో ఎక్కడుంటారు!

గుమ్మడి బడికి వెళ్లాడు. పాఠం మధ్యలో ముక్కు దురద పెట్టింది.

"హా... హా... హాఛ్!"

పిల్లలు రాసుకుంటున్న మోదుగాకు పలకలన్నీ ఎగిరి ఇప్పకొమ్మల్లో చిక్కుకున్నాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. కొంగ మాస్టారు ఆ తుమ్ము విన్నారు. వాడి ఎర్రటి కళ్లు కూడా చూశారు. ఇంటికి పంపాలి. కానీ పంపితే ఒక హాజరు తగ్గిపోదూ?

"పలకల మీద తుమ్మకురా అబ్బీ! అటు తిప్పుకో" అన్నారు, అంతే.

గుమ్మడి చెప్పిన మాట వినే పిల్లవాడు. మళ్లీ తుమ్ము వచ్చినప్పుడు తొండం ఎత్తి, వెనక్కి వంచి, నెత్తి మీదుగా తుమ్మాడు. ఒక్క పలక కూడా ఎగరలేదు. "భేష్!" అన్నారు మాస్టారు.

మరి నెత్తి మీద ఎవరున్నారు? చింతాకు! పాపం, తుంపర్లలో నిలువునా తడిసిపోయింది. "వానొచ్చిందర్రోయ్!" అంటూ తోక దులుపుకుంది. అందరూ నవ్వారు. చింతాకు కూడా నవ్వింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఒకే జామకాయ తిన్నారు. పైన ఆకు కప్పి కొరికితే ఎంగిలి కాదని పిల్లలందరికీ తెలుసు కదా! దాన్ని మనం కాకి ఎంగిలి అంటాం. కాకులు ఏమంటాయో నాకు తెలియదు. ఆ జబ్బుకి మాత్రం ఆకు అడ్డం రాలేదు.

మర్నాడూ గుమ్మడి బడికి వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. ఆ రోజు వాడి నెత్తి ఖాళీగా ఉంది.

"చింతాకు రాలేదేం?" అని చుట్టూ చూశాడు. కోతిపిల్లా లేదు. జింకపిల్లా లేదు. కుందేలు పిల్లలు ఒక్కరూ లేరు. కొంగ మాస్టారు దగ్గుకుంటూ ఒక్కో పేరూ పిలిచారు. ఎవరూ పలకలేదు. గుమ్మడి ఒక్కడే "హాజరండీ" అని ముక్కు ఎగబీల్చాడు.

అంతలో గోరింక ఎగిరొచ్చింది. "మాస్టారూ! ఇంటింటా జ్వరాలేనండీ. చింతాకుకి ఊపిరే అందడం లేదు. ఎలుగుబంటి వైద్యుడు అక్కడే ఉన్నాడు" అంది.

గుమ్మడి చింతాకు ఉండే మద్దిచెట్టు దగ్గరికి ఒకటే పరుగు పెట్టాడు.

"అక్కడే ఆగు!" అన్నాడు ఎలుగుబంటి వైద్యుడు దూరం నుంచే. "నీకు జ్వరం ఎప్పటినుంచి?"

"మొన్నటి నుంచి, తాతా."

"మరి బడికెందుకు వెళ్లావు?"

"గంట కోసం" అన్నాడు గుమ్మడి. ఆ మాట వాడి చెవికే బాగా వినిపించలేదు.

వైద్యుడు తిట్టలేదు. "ఇది ఫ్లూ నాయనా. దగ్గితే, తుమ్మితే పక్కవాళ్లకి అంటుకుంటుంది. నువ్వు కొండంత ఉన్నావు, నీకు ముక్కు కారి తగ్గిపోతుందేమో. ఆ పిల్ల నీ కాలిగోరంత కూడా లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా?" అన్నాడు.

గుమ్మడికి ఏడుపొచ్చింది. "ఒక్కసారి చూసి వెళ్తాను తాతా."

"ఇప్పుడు వద్దు. దాని మీద ప్రేముంటే ఇంటికి పో. గంజి తాగు, నీళ్లు బాగా తాగు, పడుకో. మందు వేసుకోకుండానే ఒక రోజంతా ఒళ్లు చల్లగా ఉండాలి. అప్పటిదాకా బయటికి రాకు."

"చింతాకు బతుకుతుందా?"

"చూద్దాం" అన్నాడు వైద్యుడు. పెద్దవాళ్లు "చూద్దాం" అంటే ఎంత భయమేస్తుందో మీకు తెలుసు. గుమ్మడికీ అంత భయమేసింది.

తెల్లవారింది. అదే పందేనికి ఆఖరి రోజు.

"లే నాన్నా, లే! బడికి ఇంకెవరూ రావడం లేదట. ఈ ఒక్కరోజు వెళ్లావంటే గంట నీదే!" అంది ఏనుగమ్మ.

గుమ్మడి నేల మీద చతికిలబడ్డాడు. "నేను వెళ్లను."

ఏనుగమ్మ తొండం పట్టి లాగింది. కదల్లేదు. తోక పట్టి లాగింది. కదల్లేదు. వెనకనుంచి నెట్టింది. ఊహూ! ఏనుగుపిల్ల మొండికేసి కూర్చుంటే ఎవరు లేపగలరు?

"నాకు గంట వద్దమ్మా. నాకు చింతాకు కావాలి" అని గుమ్మడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏనుగమ్మ మళ్లీ వాడి నుదురు తాకింది. అదే వేడి. ఈసారి చెయ్యి తియ్యలేకపోయింది. అదేలెండి, తొండం. "నిన్ను పంపింది నేను కదరా. ఆ పసిదాని ఉసురు నాకే తగులుతుంది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కొడుకుని పడుకోబెట్టి, గంజి పట్టి, తనే బడికి బయల్దేరింది.

కొంగ మాస్టారు ఇప్పచెట్టు కింద ఒక్కరే ఉన్నారు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆ ఒంటికాలు తూలిపోతోంది.

"మావాడు రాడు మాస్టారూ" అంది ఏనుగమ్మ దూరంగా నిలబడి.

"అయ్యో! ఈ ఒక్కరోజు వస్తే గంట వాడిదేనమ్మా."

"ఆ గంట కోసమే కదండీ ఇంతా జరిగింది! వాడికి జ్వరమని నాకు తెలుసు, మీకూ తెలుసు. మనిద్దరం పెద్దవాళ్లం. ఒక్కరమైనా వద్దన్నామా?"

మాస్టారు తల దించుకున్నారు. ఎదురుగా ఆకు పలకలు గాలికి దొర్లుతున్నాయి. రాసేవాళ్లు లేరు. ఆయన గంట దించేసి, గోరింకని పిలిచారు.

గోరింక ఇంటింటికీ వెళ్లి చాటింది. "బడికి సెలవు! జ్వరమున్న పిల్లని ఇంట్లోనే ఉంచండి. ముసలివాళ్లనీ పసికందులనీ ఆ పిల్లకి దూరంగా ఉంచండి. ఎంగిలి పండ్లు పంచుకోవద్దు, చేతులు కడుక్కోండి. ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా వైద్యుడికి కబురు చెయ్యండి!"

పోతూ పోతూ గుమ్మడికి చింతాకు కబురు కూడా చెప్పేది. మొదటిసారి, "గంజి కూడా ముట్టలేదు" అంది. గుమ్మడి కూడా ఆ పూట ముట్టలేదు. రెండోసారి, "కళ్లు తెరిచింది" అంది. మూడోసారి గోరింక వచ్చీ రాగానే నవ్వింది.

"గుమ్మడి లెక్కలు చేస్తున్నాడా, నేను లేనని ఎగ్గొట్టాడా అని అడిగిందిరా!"

గుమ్మడి ఒకేసారి నవ్వాడు, ఏడ్చాడు. ఆ తర్వాత గబగబా లెక్కలు చేశాడు. అన్నీ తప్పులే.

అందరికీ నయమయ్యాక బడి తెరిచారు. చింతాకు చిక్కిపోయింది, కానీ చెవి మెలిపెట్టే బలం తగ్గలేదు. తుమ్ము వస్తే తొండం ముందుకాలి మడతలో దాచుకోవడం గుమ్మడికి వైద్యుడే నేర్పాడు. కొంగ మాస్టారు రెండు కాళ్ల మీదా నిలబడ్డారు. అంత పెద్ద మాట చెప్పాలంటే ఒంటికాలు చాలదు మరి.

"తప్పు నాది పిల్లలూ. పందెం ఇక లేదు. గంట వంతులవారీగా అందరూ కొట్టండి. ఒంట్లో బాగాలేని పిల్ల పేరు పిలిచినప్పుడు మీరంతా ఏమనాలో తెలుసా? 'ఇంట్లో ఉంది, మంచి పని చేసింది!' అనాలి."

పిల్లలకి ఆ మాట భలే నచ్చింది. గొంతు చించుకుని అరిచేవాళ్లు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు పిల్లలంతా వచ్చారు, మాస్టారు రాలేదు. చింతాకు గుమ్మడి నెత్తి మీద ఒంటికాలి మీద నిలబడి, గొంతు సవరించుకుని, ఒక్కో పేరూ పిలిచింది. అందరూ పలికారు. ఆఖరికి ఇంకో పేరు పిలిచింది.

"కొంగ మాస్టారు!"

"ఇంట్లో ఉన్నారు! మంచి పని చేశారు!" అని అడవి దద్దరిల్లేలా అరిచారు పిల్లలు.

ఏటి ఒడ్డున గూట్లో మిరియాల చారు తాగుతున్న కొంగ మాస్టారికి ఆ కేక వినిపించింది. ఆయన జ్వరంలోనే పకపకా నవ్వి, నిశ్చింతగా ముసుగుతన్ని పడుకున్నారు.

నీతి: జబ్బు చేసిన పిల్లని ఇంట్లో ఉంచే అమ్మ, ఉంచమని చెప్పే బడి ఉంటే, పక్కింటి పిల్ల కూడా చల్లగా ఉంటుంది.