ఒక్కటే ఖాళీ సీటు

బుట్టలల్లే సైదమ్మ, సైన్యంలో ఉన్న కొడుకును చూడడానికి రెండున్నరేళ్ల మనవణ్ణి తీసుకుని ఢిల్లీ విమానమెక్కింది. విమానం పైకి లేవగానే చెవులు నొప్పిపుట్టి పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు.

పక్క సీట్లో ఉన్న మాజీ మంత్రి పుండరీకాక్షరావు మండిపడి ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచాడు. "వీళ్లను వెనక్కి పంపించెయ్!"

"వెనక ఒక్క సీటే ఖాళీగా ఉంది సార్. బాబుక్కూడా విడిగా సీటుండాలి," అందా అమ్మాయి భయపడుతూ.

"అదంతా నాకనవసరం. పంపించు!"

సైదమ్మ లేచి, పాలసీసా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నేను పోతానయ్యా. ఒక్క సీటే కాబట్టి వీడు మీ పక్కనే ఉంటాడు. ఈ పాలు పట్టండి. తాగాక లాగు తడుపుకుంటాడు, కాస్త కనిపెట్టుకుని ఉండండి."

ఢిల్లీ చేరేదాకా పుండరీకాక్షరావు ఆ వెనక సీట్లోనే కూర్చున్నాడు. పిల్లాడు ఆయన సీట్లోకి కాళ్లు చాపుకుని నిద్రపోయాడు.