మూడో సెగ

ఊరి చివర కుండలు కాల్చే ఆవం ఒకటి ఉండేది. పచ్చికుండలు దాంట్లోకి వెళ్ళి, మూడు సెగలు తిని, ఎర్రగా కాలి బయటికొచ్చేవి. అక్కణ్ణుంచి నేరుగా చలివేంద్రానికి వెళ్ళి, ఎండన పడి వచ్చేవాళ్ళకి చల్లటి నీళ్ళిచ్చేవి. కుండలు నడుస్తాయా అని అడక్కండి. ఆ రాజ్యంలో నడిచేవి, మాట్లాడేవి, సందర్భం వస్తే దండలు కూడా వేయించుకునేవి.

ఆవానికి పెద్ద ఒక బాన. ఒకప్పుడు మూడు సెగలకీ ఓర్చి నిలబడిన మనిషే. కానీ పెద్దరికం వచ్చాక బానగారిలో ఎవరూ నీళ్ళు పోయలేదు. సన్మానాల్లో కప్పిన శాలువలన్నీ మడతపెట్టి తన కడుపులోనే దాచుకునేవారు. దాంతో నిండుగా కనబడేవారు.

ఒకరోజు రాజుగారి కొత్త విధానం దండోరా మీద వచ్చింది. ఇకమీదట ఏ కుండకి ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు ఆవంలోంచి బయటికి రావచ్చు. ఒక సెగ తింటే ఒంటి మీద ఒక జాజు గీత, రెండు తింటే రెండు, మూడు తింటే మూడు. ఎన్ని కుండలు ఎంత తొందరగా బయటపడితే ఆవానికి అంత మంచి గ్రేడు. గ్రేడును బట్టే రాజుగారిచ్చే కట్టెలు.

ఆవానికి తలుపంటూ ఉండదు. కుండలు పేర్చి, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తితే కాలేదాకా ఎవరూ కదపరు. మధ్యలో గాలి తగిలితే లోపలున్నవి పగులుతాయి. ఈ సంగతి బానగారికి బాగా తెలుసు. తెలిసే తలుపు పెట్టించారు. ఆయన్ని పూర్తిగా తిట్టడానికి నాకు నోరు రాదు. కట్టెల్లేని ఆవం ఉత్త బూడిదకుప్పే కదా, ఆయన భయం ఆయనది.

మొదటి సెగ పూర్తవగానే కుండలు బిలబిలమంటూ బయటపడ్డాయి. ఒంటి గీత వేయించుకుని, ఒకదాన్నొకటి మెచ్చుకుంటూ చలివేంద్రం దారి పట్టాయి. లోపల మాత్రం ఒక కూజా కదల్లేదు. పొట్టి మెడ, పెద్ద నోరు.

"నువ్వు రావామ్మా?" అన్నారు బానగారు, తలుపులోంచి తొంగిచూసి.

"నేను నీళ్ళు పట్టడానికి వచ్చానండీ. గీతకి రాలేదు. ముందా తలుపు వెయ్యండి, గాలి కొడుతోంది."

"పోనీ, ఒక చిల్లు అయినా పెట్టించుకో. కొత్త విధానంలో జల్లెడ విద్య కూడా ఉంది. ఒక్క చిల్లే. ఇష్టమైతేనే."

"ఇష్టం లేదండీ."

బానగారు తలుపు వేశారు. రెండో సెగ కూడా అయింది. మరికొన్ని కుండలు రెండు గీతలతో వెళ్ళిపోయాయి. కూజా ఒక్కతీ మూలన కూర్చుని ఎదురుచూసింది. మూడో సెగ రాలేదు.

"కట్టెలేవండీ?" అని కేకేసింది.

"స్వాగత ద్వారానికి వెళ్ళాయమ్మా. రేపు తనిఖీ సంఘం వస్తోంది."

మర్నాడు సంఘం వచ్చింది. మూడు ఇత్తడి చెంబులు. తళతళలాడుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఆవం వైపు వచ్చింది లేదు, వాటి కాపురమంతా రాజుగారి వంటింట్లోనే. ద్వారం కింద నిలబడి దండలు వేయించుకుని, బయటికి వెళ్ళిన కుండల్ని లెక్కేయించుకుని, తెగ సంతోషించాయి.

"ఇంత వేగం మేమెక్కడా చూళ్ళేదు. వేసవిలో చలివేంద్రం కూడా చూసి గ్రేడు ఖాయం చేస్తాం," అంది పెద్దచెంబు. బానగారికి ఇంకో శాలువా కప్పింది.

అవి అటు వెళ్ళాయో లేదో, లోపల్నుంచి కూజా గొంతు వినబడింది.

"వాళ్ళు చూసేశారుగా! ఆ ద్వారం ఇటు పంపించండి."

"దాని మీద నా పేరు చెక్కించారమ్మా," అన్నారు బానగారు చిన్నబుచ్చుకుని.

"టేకు కర్రండీ. బాగా మండుతుంది."

బానగారికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ద్వారం కింద చాలాసేపు నిలబడ్డారు. తను కాలిన రోజుల్లో మూడో సెగ ఎలా ఉండేదో గుర్తొచ్చిందేమో, చివరికి విప్పించేశారు. ముందు దూలం, తర్వాత స్తంభాలు, ఆఖరున తన పేరున్న పలక. ఆ సెగకి కూజా ఎర్రగా కాలింది. గీతలు వేసేవాడు అప్పటికే వెళ్ళిపోవడంతో, ఒక్క గీతా లేకుండానే చలివేంద్రానికి వెళ్ళింది.

వేసవి వచ్చింది. సంఘాన్ని వెంటబెట్టుకుని బానగారు చలివేంద్రానికి వెళ్ళారు. పందిరి కింద ఇసుకలో బురద కుప్పలు, వాటి మీద అక్కడక్కడా జాజు గీతల ముక్కలు. నిలబడి ఉన్నది కూజా ఒక్కతే. దాని ముందు పందిరి దాటి రోడ్డు దాకా జనం.

"ఏం కుండలయ్యా పంపారు!" నీళ్ళు పోసే అవ్వ బానగారిని చూసి మండిపడింది. "పొద్దున పోస్తే మజ్జానానికి మట్టి కలిపిన నీళ్ళు! ఇదొక్కటే మిగిలింది. దీంట్లోనూ అడుగంటాయి. అదిగో నీళ్ళబండి వచ్చి నిలబడింది, పోసుకుందామంటే కుండేదీ?"

చెంబులు బురద వైపు చూడలేదు. పెద్దచెంబు కూజాని తడిమి, చెయ్యి తీసుకుని ముఖం చిట్లించింది.

"ఒళ్ళంతా తడి. ఇది కారుతోంది."

"కారడం కాదండీ, చెమర్చడం. చెమరిస్తేనే లోపల నీళ్ళు చల్లబడతాయి," అంది కూజా.

"మేం ఎప్పుడైనా చెమర్చామా?"

"మీలో నీళ్ళు ఎప్పుడైనా చల్లబడ్డాయా?"

పెద్దచెంబు ఎండకి కాలిపోతూ బానగారి వైపు తిరిగింది. "ఇది లోపమున్న సరుకు. దీనికి లక్క పూయించండి. తడి కనబడకూడదు. పూయిస్తే బంగారు గ్రేడు, బండ్లకొద్దీ కట్టెలు. లేదా, ఒక్క పుల్ల కూడా రాదు."

లక్క పూస్తే కూజాలో నీళ్ళు ఇంకెప్పటికీ చల్లబడవు. పూయకపోతే ఆవం ఇంకెప్పటికీ మండదు. బానగారు కూజాని చూశారు. ఈసారి అది భయపడింది పాపం. వరసలో ముందున్న ఆమె చంకలో పిల్లాడు ఖాళీ దోసిలి నాకుతున్నాడు.

బానగారు మెల్లగా వంగి, లోపలున్న శాలువలు ఒక్కొక్కటే తీసి ఇసుకలో పెట్టారు. జరీది, పట్టుది, మొన్న ద్వారం కింద కప్పినది. అన్నీ తీశాక ఆయన ఒక్కసారి మోగారు, ఎంత పెద్ద మోతంటే వరసలో వాళ్ళంతా తలలెత్తారు.

"అవ్వా, బండి ఇటు తిప్పించు," అన్నారు.

అవ్వ బండి తిప్పించి బానగారి నిండా నీళ్ళు పోయించింది. కాసేపటికి బానగారి పొట్ట మీద సన్నగా తడి తేలింది. అది చూసి పెద్దచెంబు అదిరిపడింది.

"అయ్యో, మీరూ కారుతున్నారు!"

"అవునండీ," అన్నారు బానగారు. "ఇన్నాళ్ళకి."