వరద నీళ్లు ఎర్రగా ఎందుకుంటాయి

ఒకప్పుడు వరద నీళ్లు తేటగా ఉండేవి. ఎంత పెద్ద వరదొచ్చినా అడుగున ఈదే చేపపిల్ల కనపడేది. ఏటికి దాచుకోవడానికేమీ ఉండేది కాదు. అయినా దాన్ని నమ్మినవాళ్లు లేరు.

ఏటి ఒడ్డున దిబ్బవాడ అని ఒక ఊరుండేది. అదంతా చదును నేల. కొండ లేదు, గుట్ట లేదు, వెతికినా రాయి దొరకదు. రాయి లేదు కాబట్టి మట్టిని కాల్చి ఇటుకలు చేసుకున్నారు. ఎత్తు లేదు కాబట్టి దిబ్బలు పోసి వాటి మీద ఇళ్లు కట్టుకున్నారు. నీళ్లు ఎప్పుడు ఎటునుంచి మీద పడతాయో తెలియదు కాబట్టి అందరినీ అనుమానించడం నేర్చుకున్నారు. ఆ ఊళ్లో ఎవరైనా తుమ్మినా, ఎందుకు తుమ్మావని అడిగేవారు.

రేవు దగ్గర మీనక్క కాపలా. పడవలో ఏ మూట వచ్చినా ముడి మీద మట్టి ముద్ద, దాని మీద పంపినవాళ్ల ముద్ర ఉండాలి. మట్టి లేని మూటని సొంత తమ్ముడు తెచ్చినా మీనక్క లోపలికి రానిచ్చేది కాదు.

ఏటి కట్ట కింద ఆమెకొక గోధుమ చేను ఉంది. ఏటేటా వరద దాని మీదుగా పోయేది, ఏటేటా పంట పలచబడేది. ఈసారి ఒక్క కుండెడు విత్తనం మిగిలింది. అది మొలవకపోతే పిల్లలకి తిండి లేదు.

అందుకే ఆ ఏడు ఊరివాళ్లని కూడగట్టి తూములన్నీ ఇటుకలతో మూయించింది. వరద వచ్చి కట్ట దగ్గర ఆగింది.

"మీనక్కా, తూము తియ్యి," అంది ఏరు.

"ఎందుకూ? ఉన్న కాస్త మట్టీ ఊడ్చుకుపోడానికా?"

"నేనేం తీసుకెళ్లానమ్మా? నీళ్లిచ్చి నా దారిన పోయాను."

"ఇస్తామంటూ వచ్చేవాళ్లే పట్టుకుపోతారు. నువ్వు పోయాక నా చేలో పైమట్టి ఉండదు. రెక్కలొచ్చి ఎగిరిపోతోందా?"

పరుగు ధ్యాసలో ఏరు ఎన్నడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. పాపం, నిజంగానే తెలియదు. నాకైతే దాని మీద జాలే వేస్తుంది.

"నిన్ను పంపిందెవరు?" అని అడిగింది మీనక్క.

"ఎగువన నేను పుట్టిన కొండ."

"మరి మట్టి ఏదీ? మట్టి లేకుండా ఈ రేవులోకి ఏదీ రాదు."

ఏరు వచ్చిన దారినే కొండ దగ్గరికి పోయింది. కొండేమీ తక్కువ తినలేదు.

"నా మట్టి నీకెందుకు? ఎవరికి అమ్ముకుంటావు?" అంది.

"నీ దగ్గర్నుంచే వచ్చానని చూపించుకోవాలి."

కొండ ఏటిని ఎగాదిగా చూసింది. "నువ్వే గీరుకో. నేనిచ్చానని మాత్రం ఎక్కడా అనకు," అంది చివరికి.

ఏరు కొండ పాదాలు గీరి, ఒళ్లంతా ఎర్రమట్టి చేసుకుని దిగివచ్చింది. మీనక్క చూసి ఇంకా బెదిరింది.

"మొన్నటిదాకా అడుగు కనపడేది. ఇప్పుడు లోపలేం దాచావు?"

"నువ్వడిగిందే."

మీనక్క చేయి ముంచి గుప్పెడు మట్టి తీసింది. వాసన చూసింది, పిసికింది, నాలిక మీద పెట్టుకుంది. మెడలోని ముద్ర తీసి ఒత్తింది. ముద్రలోని ఎద్దు కొమ్ములతో సహా చక్కగా పడింది. ఇక సాకు దొరక్క ఒక తూము తీసింది. ఒక్కటే.

నీళ్లు చేలో నిలబడి, మెల్లగా తగ్గాయి. మెత్తటి ఒండ్రు మిగిలింది. ఆమె భయపడుతూనే కుండలోని విత్తనమంతా చల్లింది. రోజూ పొద్దున్నే మట్టి కెలికి చూసేది. గోధుమ నడుమెత్తు పెరిగింది. పిల్లలు కడుపునిండా తిన్నారు.

"ఇప్పుడైనా నమ్మావా, మీనక్కా?" అని అడిగింది ఏరు.

నమ్మిందనే నేననుకుంటాను. కానీ దిబ్బవాడ మనిషి కదా, ఆ మాట గొంతు దాటలేదు.

"ఒక్క ఏడు ఇస్తే సరా? వచ్చే ఏడు చూద్దాం," అంది.

ప్రతి ఏడూ ఏరు అడిగేది, ఆమె అదే చెప్పేది. అలా చెబుతూనే ముసలిదైపోయింది, ఒకనాడు కన్నుమూసింది. నమ్మామని ఏటికి చెప్పాలని ఊళ్లో ఇంకెవరికీ తోచలేదు.

అప్పటినుంచే వానాకాలం రాగానే ఏరు కొండని గీరి, ఎర్రమట్టి ఒంటినిండా పూసుకుని వస్తుంది. చేల మీద ఒండ్రు పరిచి, జవాబు కోసం కాసేపు నిలబడి, వెనక్కి తగ్గిపోతుంది.