నొప్పించని పిడుదు

అనగనగా ఒక అడవి. మన కథ ఆ అడవిలో కాదు, అది అయిపోయే చోట. అక్కడ ఒక తాటాకుల ఇంట్లో నాంచారమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి తోడు ఒక కుక్క, ఒక కోడిపెట్ట. కుక్క ఒళ్ళంతా తెల్లటి జూలు, బూరుగు దూదిలాగా మెత్తగా ఉండేది. అందుకే దానికి బూరుగు అని పేరు పెట్టుకుంది.

రోజూ పొద్దున్నే పాలు కాచి దించాక నాంచారమ్మ అరుగు మీద కూర్చునేది. పేల దువ్వెన తీసి బూరుగుని దువ్వేది. ముందు వీపు, తరువాత పొట్ట, చివరికి చెవుల వెనక. వీపు దువ్వుతుంటే బూరుగుకి నిద్ర ముంచుకొచ్చేది. చెవుల వెనక మాత్రం జూలు చిక్కుపడేది. అక్కడ దువ్వెన పడితే కుయ్యిమనేది. మీ అమ్మ పేలు దువ్వేటప్పుడు మీరు చేసే గోల ముందు అదేమంత గోల కాదులెండి.

ఒకరోజు బూరుగు గడ్డిలో పడి పొర్లింది. అది గొర్రెల మందలు మేతకి పోయే దారి. అక్కడ ఒక గడ్డి కొస మీద నువ్వుగింజంత పిడుదు కూర్చుని ఉంది. జూలు తగలగానే పట్టుకుని ఎక్కింది. ఎడమ చెవి వెనక చేరి, మూతి గుచ్చి, రక్తం తాగడం మొదలుపెట్టింది. బూరుగుకి తెలియనే లేదు. పిడుదు కుడితే నొప్పి పుట్టదు. దాని బతుకంతా ఆ ఒక్క విద్య మీదే నడుస్తుంది.

మర్నాడు దువ్వెన చెవి వెనక చిక్కులో పడింది. బూరుగు కుయ్యిమంది.

"అయ్యో, ఏమైందన్నా?" అంది చెవి వెనక నుంచి ఒక సన్నటి గొంతు.

"ఎవరు నువ్వు?" అంది బూరుగు.

"నీ నీడన చేరినవాణ్ణి. నిన్నటి నుంచి ఇక్కడే ఉన్నాను. నీకేమైనా తెలిసిందా? తెలియదు. నేను ఒకరిని నొప్పించే రకం కాదన్నా. ఆ దువ్వెన చూడు, వచ్చినప్పుడల్లా నిన్ను ఏడిపించి పోతుంది."

బూరుగు ఆలోచించింది. నిజమే అనిపించింది. తల విదిలించుకుని అరుగు దిగిపోయింది.

కోడిపెట్ట ఇదంతా చూస్తూనే ఉంది. అది ముసలిదే కాని దాని కళ్ళు చురుకు.

"ఒరేయ్ బూరుగూ, నీ చెవి వెనక ఏదో నల్లగా ఉందిరా. ఇటు రా, ఒక్క పోటు పొడిచి తీసేస్తాను," అంది.

"విన్నావా అన్నా, పొడుస్తుందట!" అంది పిడుదు. "ఆవిడ గీకుతుంది, ఈవిడ పొడుస్తుంది. నీ బాగు కోరే వాళ్ళందరికీ నిన్ను ఏడిపించడమే పని."

బూరుగు మొరుగుతూ కోడిపెట్ట మీదికి ఉరికింది. పెట్ట ఎగిరి గోడ మీద కూర్చుంది.

"నీ ఖర్మ! నాకేం పోయింది," అని అటు తిరిగింది.

నాలుగు రోజులు గడిచేసరికి పిడుదు శనగగింజంత అయింది. ఆ రోజు నాంచారమ్మ చేతికి అది తగిలింది.

"ఓరి నా తండ్రీ, ఎంత పిడుదు పట్టిందిరా నీకు! కదలమాకు," అంటూ ఆవిడ చెవి గట్టిగా పట్టుకుంది.

"అన్నా, నీ చెవి పీకేస్తోంది! కరిచెయ్!" అని అరిచింది పిడుదు.

బూరుగు ఒక్క క్షణం ఆగింది. ఆ చెయ్యి రోజూ అన్నం కలిపి పెట్టే చెయ్యి. ఆ సంగతి దానికి బాగా తెలుసు. అయినా కరిచింది.

నాంచారమ్మ కొట్టలేదు, తిట్టలేదు. కొంగు చేతికి చుట్టుకుంది. తరువాత చెయ్యి సబ్బుతో కడుక్కుని, బస్సెక్కి ఊళ్ళోకి పోయి సూది వేయించుకుని వచ్చింది. దువ్వెన తీసి గూట్లో పెట్టేసింది. ఆ రోజు నుంచి అన్నం గిన్నెను కర్రతో బూరుగు ముందుకు జరిపి, తను వెనక్కి తగ్గేది.

"ఇప్పుడు హాయిగా ఉంది కదూ?" అంది పిడుదు.

హాయిగానే ఉంది. దువ్వెన లేదు, స్నానం లేదు, అడిగేవాళ్ళు లేరు. బూరుగు రోజంతా నీడలో పడుకునేది. పిడుదు మాత్రం ఊరికే లేదు. తన బలగాన్ని పిలుచుకుంది. గడ్డిలోంచి పిన్నమ్మలు, మేనత్తలు, మేనమామలు పెళ్ళికి వచ్చినట్టు దిగారు. చెవుల్లో కొందరు, చంకల్లో కొందరు, కాలివేళ్ళ సందుల్లో కొందరు సర్దుకున్నారు. ఎవరూ నొప్పించలేదు. అందరూ తాగారు.

నెల తిరిగేసరికి బూరుగుకి అన్నం సయించలేదు. చిగుళ్ళు పాలిపోయాయి. నిలబడితే కాళ్ళు వణికాయి. నాంచారమ్మ అది గమనించింది. దగ్గరికి వచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. పాపం, ఆవిడకి భయం వేసింది.

"తమ్ముడూ, నేను చచ్చిపోతానేమో," అంది బూరుగు.

"అలాగే ఉందన్నా," అంది పిడుదు మామూలు గొంతుతో.

"నేను పోతే నువ్వేం చేస్తావు?"

"దిగిపోతాను. గొర్రెలు రోజూ ఇటే పోతాయి కదా."

ఇంకేమైనా అంటుందేమోనని బూరుగు ఎదురుచూసింది. పిడుదు మళ్ళీ తాగే పనిలో పడింది.

అప్పుడు బూరుగుకి చావంటే భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, కరిపించుకుని కూడా పూట తప్పకుండా అన్నం పెడుతున్న మనిషిని తలుచుకుంటే సిగ్గు వేసింది. మెల్లగా ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి పోయింది.

"పిన్నీ, నువ్వు చెప్పిందే నిజం," అంది.

"నాకు చెప్పి ఏం లాభంరా? ఆవిడకి చెప్పు," అంది కోడిపెట్ట.

"ఆవిడకి నా మాట తెలియదుగా."

"కరిచింది మాటతోనా? ఆలోచించుకో."

బూరుగు ఆలోచించింది. అరుగు కింద ఒక ఖాళీ గోనె సంచి పడి ఉంది. దాన్ని పళ్ళతో లాక్కుని పోయి, వాకిట్లో ఉన్న నాంచారమ్మ కాళ్ళ ముందు పడుకుంది. మూతి సంచిలోకి దూర్చేసుకుని, ఎడమ చెవి పైకి పెట్టింది. ఇక కరవాలన్నా ఆవిడ చెయ్యి ఆ పళ్ళకి అందదు.

నాంచారమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"మళ్ళీ కరుస్తావేంట్రా?" అంది.

బూరుగు తోక ఒక్కసారి నేలకేసి కొట్టింది.

ఆవిడ లోపలికి పోయి దువ్వెన, కత్తెర, చెంబుడు సబ్బునీళ్ళు తెచ్చుకుంది. కుడిచేతికి మందపాటి తువ్వాలు చుట్టుకుంది. కాని తువ్వాలుతో పిడుదులు చేతికి దొరకలేదు. కాసేపు తటపటాయించి దాన్ని విప్పి పక్కన పెట్టింది.

జూలు అట్టలు కట్టి ఉంది. చిక్కు లాగినప్పుడల్లా బూరుగుకి ప్రాణం పోయినంత పనైంది. అది గోనె సంచిలోనే ఏడ్చింది కాని మూతి బయట పెట్టలేదు. పిడుదులు ఒక్కొక్కటే సబ్బునీళ్ళలో పడ్డాయి. చివరికి పెద్ద పిడుదు వంతు వచ్చింది.

"అన్నా, నేను నిన్ను ఒక్కసారైనా నొప్పించానా?" అని అరిచింది.

"లేదు. నొప్పించి ఉంటే మొదటి రోజే తెలుసుకునేవాణ్ణి," అంది బూరుగు.

పిడుదు చెంబులో పడింది.

మర్నాడు పశువుల డాక్టరు వచ్చి చూశాడు. ఇంకో వారం ఆగి ఉంటే చేతులెత్తేసేవాణ్ణని చెప్పి సూది వేశాడు. నెలా నెలన్నరకి బూరుగు లేచి తిరిగింది. సగం జూలు కత్తెరకే పోయింది. "ఈకలు పీకిన కోడిలా ఉన్నావురా," అని కోడిపెట్ట నవ్వింది.

నాంచారమ్మ మళ్ళీ రోజూ దువ్వుతోంది. వీపు దువ్వుతుంది, పొట్ట దువ్వుతుంది. చెవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ చెయ్యి ఆగుతుంది. ముందు ఒకసారి బూరుగు నోటి వంక చూసుకుని, అప్పుడు చెయ్యి వేస్తుంది. ఆ చూపు బూరుగుకి దువ్వెన కంటే ఎక్కువ నొప్పి. అయినా అది కదలకుండా పడుకుంటుంది.

నీతి: నొప్పించని వాళ్ళందరూ మన మంచి కోరేవాళ్ళు కారు. మన మంచి కోసం నొప్పించిన చేతిని కరిస్తే, ఆ చెయ్యి మనల్ని మళ్ళీ నమ్మడానికి చాలా రోజులు పడుతుంది.